హిట్‌మ్యాన్ ఆటల్లో ఏది ముందు ఆడాలి? ఒక పాత టెస్టర్ జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చి బీటీఎంలో పీజీలో ఉంటున్నావు. జీతం కూడబెట్టి మంచి ల్యాప్‌టాప్ కొన్నావు. ఆఫర్ పడింది కదా అని హిట్‌మ్యాన్ అనే కిరాయి హంతకుడి కంప్యూటర్ ఆటలు అరడజను ఒకేసారి కొనేశావు. మొదటి భాగం నుంచి వరసగా ఆడదామని కూర్చుని రెండు రోజుల్లో విసిగిపోయావు. "ఐదు నిమిషాలకోసారి చస్తున్నాను అన్నా, ఇందులో ఏముందని అందరూ ఇంత మోస్తున్నారు? ఏది ఆడాలి, ఏది వదిలెయ్యాలి?" అన్నావు.

సూటిగా చెప్పేస్తాను. 2000లో వచ్చిన మొదటి ఆటని వెంటనే డిలీట్ చెయ్యి. 2016లో వచ్చిన 'హిట్‌మ్యాన్'తో మొదలుపెట్టు. ఇప్పుడది తర్వాతి రెండు భాగాలతో కలిసి 'వరల్డ్ ఆఫ్ అసాసినేషన్' అనే ఒకే ఆటగా దొరుకుతుంది. అది ఒంటబట్టాక 2006 నాటి 'బ్లడ్ మనీ' ఆడు. మిగతావి నీ ఓపిక. ఎందుకంటావా, కాస్త పొడుగు కథే, టీ పెట్టుకుని చదువు.

నేను 2003లో కర్నూలు నుంచి ఈ ఊరొచ్చాను. పదిహేనేళ్లు గేమ్ టెస్టింగ్‌లో పనిచేశాను. రోజంతా ఆటలాడితే జీతమిచ్చే కంపెనీ అని మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంది. ఒకే గోడని రెండొందల చోట్ల గుద్దుకుని ఎక్కడైనా అవతలికి జారిపోతున్నానా అని చూసే పని అది. ఆ ఉద్యోగం పోయినా చూపు మాత్రం పోలేదు. ఏ ఆటైనా మొదట కథ పట్టించుకోను, ఊరికే నిలబడితే ఏం జరుగుతుందో చూస్తాను. హిట్‌మ్యాన్ ఆటల మంచీ చెడ్డా తేల్చడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు దొరకలేదు.

నువ్వు ఐదు నిమిషాలకోసారి ఎందుకు చస్తున్నావో కూడా అందులోనే ఉంది. దీన్ని తుపాకుల ఆట అనుకుని ఆడుతున్నావు. నా చిన్నప్పుడు మా ఊరికి పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. ఒకసారి ఒకాయన పోలీసు ఇన్‌స్పెక్టర్ వేషంలో తిన్నగా మా అరుగు మీదికొచ్చి, "రెడ్డిగారెవరు? స్టేషన్‌కి రావాలి" అన్నాడు. మా తాత కండువా తీసి చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ టోపీ కాస్త వదులుగా ఉంది, బూట్లకి పాలిష్ లేదు. అయినా అరుగు మీద ఉన్న పదిమందిలో ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. నవ్వి చెయ్యి చాచాక గానీ తెలియలేదు. ఈ ఆటల్లో నువ్వు నడిపించే కిరాయి హంతకుడు ఏజెంట్ 47 చేసేది అచ్చం అదే పని. గుండు, మెడ వెనక బార్‌కోడ్, ఆరడుగుల మనిషి. ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టాలి. కానీ వంటవాడి ఆప్రాన్ కట్టుకోగానే ఎవరూ అతని మొహం చూడరు.

నమ్మబుద్ధి కాకపోతే మన బెంగళూరు అపార్టుమెంటు గేటు చూడు. ఊరి నుంచి మా బావ వస్తే వాచ్‌మన్ పేరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు రాయించుకుని, యాప్‌లో మేం ఓకే కొట్టేదాకా ఎండలో నిలబెట్టాడు. అదే నిమిషంలో భుజాన నిచ్చెన పెట్టుకున్న ఏసీ మెకానిక్ తలూపుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. హిట్‌మ్యాన్ ఆట మొత్తం ఆ నిచ్చెన మీదే నడుస్తుంది.

ఇక ఒక్కో ఆట సంగతి.

'కోడ్‌నేమ్ 47', 2000. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ కంపెనీ ఐఓ ఇంటరాక్టివ్ చేసిన మొదటి ఆట ఇది. బట్టలు మార్చుకుంటే మనిషి మారిపోతాడన్న ఆలోచన ఇందులోనే పుట్టింది, అందుకు దణ్ణం పెట్టాలి. ఆడటం మాత్రం నరకం. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. మడివాళలో ఒక నెట్ సెంటర్‌లో ఆడేవాణ్ణి. బుడాపెస్ట్ హోటల్ మిషన్‌లో నలభై నిమిషాలు పిల్లిలా తిరిగి, పని పూర్తి చేసి, బయటి తలుపు కనిపిస్తుండగా కరెంటు పోయింది. వాళ్ల యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిందట. గంట డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. ఆ హోటల్ మిషన్ ఇప్పటికీ బాగుంటుంది, కొలంబియా అడవి మిషన్లు ఎప్పుడూ బాలేవు. బుడాపెస్ట్ హోటల్ 2004 నాటి 'కాంట్రాక్ట్స్'లో మెరుగుపడి మళ్లీ వచ్చింది, అక్కడ ఆడుకో.

'హిట్‌మ్యాన్ 2: సైలెంట్ అసాసిన్', 2002. ఈ సిరీస్‌కి పేరు తెచ్చింది ఇదే. సిసిలీలో ఒక చర్చి తోటలో పని చేసుకుంటూ బతుకుతున్న 47, ఫాదర్‌ని ఎవరో ఎత్తుకుపోవడంతో మళ్లీ పాత వృత్తిలోకి దిగుతాడు. జెస్పర్ కిడ్ సంగీతం బుడాపెస్ట్ ఆర్కెస్ట్రా, గాయక బృందంతో రికార్డు చేశారు, ఇప్పటికీ నా హెడ్‌ఫోన్లలో ఉంటుంది. ఆటగా అయితే వయసు మీద పడింది. వేషంలో ఉండి కూడా కాపలావాడి పక్క నుంచి కాస్త పరిగెత్తితే కాల్చేస్తాడు. పరిగెత్తకపోతే జపాన్ మంచులో ఒక లోయ దాటడానికి నీ ఆదివారం అయిపోతుంది. ఇండియాలో జరిగే మిషన్లు కూడా ఉన్నాయి. అందులో గురుద్వారాని పోలిన చోట హత్యలేంటని సిక్కులు అభ్యంతరం చెబితే ఆ భాగాన్ని తర్వాత మార్చారు. పాటలు విని వదిలెయ్యమంటాను.

'కాంట్రాక్ట్స్' గురించి ఎక్కువ చెప్పను. గాయపడి పారిస్‌లో ఒక హోటల్ గదిలో పడి ఉన్న 47కి పాత పనులు కలల్లా గుర్తొస్తుంటాయి. ఎక్కడ చూసినా చీకటి, వాన. కబేళాలో జరిగే పార్టీ మిషన్ ఒకటుంది, రాత్రి భోజనం అయ్యాక ఆడకు.

'బ్లడ్ మనీ' దగ్గర మాత్రం ఆగాలి. దీన్ని ఎన్నిసార్లు పూర్తి చేశానో లెక్కలేదు. అంతకు ముందు ఆటల్లో చంపడమంటే చంపడమే. ఇందులో చావు ప్రమాదంలా కనిపించేలా చెయ్యొచ్చు. షాండిలియర్ తెగిపడింది, మెట్ల మీద నుంచి జారాడు, పొయ్యి పేలింది. ఎవరికీ నీ మీద అనుమానం రాదు. పని అయ్యాక వచ్చే పత్రికలో, నువ్వు ఎంత గలీజుగా చేశావో దాన్ని బట్టి వార్త మారుతుంది. సాక్షుల్ని వదిలేస్తే తర్వాతి మిషన్‌లో జనం నీ మొహం తొందరగా గుర్తుపడతారు.

పారిస్ ఒపేరా మిషన్ కాస్త వివరంగా చెబుతాను, ఈ సిరీస్ ఏంటో దీంతోనే తెలుస్తుంది. స్టేజీ మీద ఒక నాటకం రిహార్సల్ జరుగుతోంది. అందులో హీరోని కాల్చి చంపే సీన్ ఉంది. కాల్చే నటుడి చేతిలో ఉన్నది డమ్మీ పిస్తోలు. ఆ హీరో పాత్రధారే నీ టార్గెట్. థియేటర్‌లో కోట్లు దాచే కౌంటర్ దగ్గర నీ కోసం ఒక నిజమైన పాతకాలం పిస్తోలు ఉంచారు, చూడటానికి డమ్మీ లాగే ఉంటుంది. నువ్వు చెయ్యాల్సిందల్లా దాన్ని తీసుకెళ్లి, మేకప్ గదుల వైపు దారి వెతుక్కుని, ఆ నటుడు పక్కకి వెళ్లినప్పుడు డమ్మీ తీసి అది పెట్టడం. తర్వాత ప్రేక్షకుల సీట్లలోకి వచ్చి కూర్చో. రిహార్సల్ నడుస్తుంది, పాట పైకి లేస్తుంది, తుపాకి పేలుతుంది. హీరో నేల మీద పడతాడు. అద్భుతంగా నటించాడని ఒక క్షణం అందరూ అనుకుంటారు. తర్వాత కాల్చినవాడి చెయ్యి వణకడం మొదలవుతుంది. ఇంతలో పై బాక్సులో కూర్చున్న రెండో టార్గెట్, చచ్చినవాడికి ఆప్తుడు, స్టేజీ మీదికి పరిగెత్తుకొస్తాడు. సరిగ్గా ఆ పైన షాండిలియర్ వేలాడుతుంటుంది, దాని సంగతి ముందే చూసిపెట్టి ఉంటే రెండో పనీ అయిపోతుంది. నువ్వు ఒక్క గుండు కాల్చలేదు. మొదటిసారి అది చేసినప్పుడు నాకు గెలిచిన ఆనందం కంటే గిల్టీగా అనిపించింది, ఆ నటుడి పాపం ఎవరిది అని. అలా అనిపించేలా చేసే ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇరవై ఏళ్ల నాటి ఆట కాబట్టి బొమ్మలు మొరటుగా ఉంటాయి, కెమెరా ఒక్కోసారి మొండికేస్తుంది. దీన్నే 2023 చివర్లో ఫోన్లకి 'రిప్రైజల్' పేరుతో తెచ్చారు. అందులో చిన్న మ్యాప్, గోడల అవతల మనుషులు కనిపించే సదుపాయం కలిపారు. ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటేలోపు ఒక మిషన్ సగం అయిపోతుంది, సిగ్నల్ మీద ఆధారపడి పూర్తిగా కూడా అవ్వొచ్చు.

'అబ్సల్యూషన్', 2012. దీని మీద నాకు పాత కోపం ఉంది. చూడటానికి బ్రహ్మాండం, సినిమాలా కథ నడుస్తుంది. కానీ నా పరీక్షలో ఫెయిలు. ఊరికే నిలబడి చూసే తీరిక ఇవ్వదు, ఒక చివర నుంచి ఇంకో చివరికి తోసుకుంటూ పోతుంది. పైగా వేషాల పద్ధతి తలకిందులు చేశారు. పోలీసు బట్టలు వేస్తే పోలీసులంతా అనుమానిస్తారు, వంటవాడి బట్టలు వేస్తే వంటవాళ్లంతా. వినడానికి న్యాయంగానే ఉంటుంది, వంటింట్లో కొత్త మొహం వంటవాడికి తెలియదా అని. చిన్న వంటింట్లో సరే. షికాగో ఊళ్లో ఉన్న ప్రతి పోలీసూ ప్రతి పోలీసునీ ఎలా ఎరుగుతాడు? వాళ్ల ముందు నుంచి వెళ్లాలంటే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడవాలి. పగటివేషగాడు మొహం కప్పుకుని తిరిగినట్టుంది. చైనాటౌన్ మిషన్ ఒక్కటి పాత హిట్‌మ్యాన్‌లా ఉంటుంది, కావాలంటే అది ఆడి ఆపెయ్యి.

ఆ తప్పుని 2016లో ఎంత అందంగా సరిచేశారో చూడు. ఇప్పుడు వంటవాడి వేషంలో ఉంటే వంటవాళ్లందరూ కాదు, వాళ్ల మేస్త్రి లాంటి కొందరు మాత్రమే గుర్తుపడతారు. వాళ్ల తల మీద తెల్ల చుక్క కనిపిస్తుంది. మన అపార్టుమెంటులో వాచ్‌మన్లు రోజుకొకడు మారతారు, సెక్యూరిటీ సూపర్‌వైజర్ మాత్రం అందర్నీ ఎరుగును. సరిగ్గా అదే లెక్క.

2016 ఆటని ఒకేసారి ఇవ్వలేదు. మార్చిలో పారిస్, ఏప్రిల్‌లో ఇటలీ తీరాన సపియెంజా, మేలో మరాకేష్, ఆగస్టులో బ్యాంకాక్, తర్వాత కొలరాడో, అక్టోబరులో హొక్కైడో. ముక్కలు ముక్కలుగా అమ్ముతారేంటని అప్పట్లో నేనూ తిట్టాను. తర్వాత అర్థమైంది, నెలంతా ఒకే ఊరు ఉండటం వల్లే ఆ ఊరి సందులు కంఠతా వచ్చాయి. నీకు అన్నీ ఒకేసారి దొరుకుతాయి కాబట్టి ఆ క్రమశిక్షణ నువ్వే పెట్టుకోవాలి. పారిస్‌ని ఒకసారి పూర్తి చేసి పక్క ఊరికి పరిగెత్తకు. కనీసం నాలుగుసార్లు ఆడు.

నేను మొదటిసారి పారిస్ ఆడినప్పుడు, ఫ్యాషన్ షో జరిగే ఆ భవనంలో నోవికోవ్ అనే టార్గెట్ వెనకాలే నలభై నిమిషాలు తిరిగాను. మా ఆవిడ వెనక నిలబడి చూసి చూసి, "ఆయన వెనకాలే పెళ్లిసంబంధం వాళ్లలా తిరుగుతున్నారు, ఇంతకీ ఏం చెయ్యరా?" అంది. ఆ నలభై నిమిషాల్లో నాకు తెలిసింది ఏంటంటే, అతనికి ఇష్టమైన కాక్‌టెయిల్ ఒకటుందని, బార్ దగ్గర ఆగితే అదే కావాలంటాడని. అంతే. బార్‌మన్ బట్టలు, కింద దొరికే ఎలుకల మందు. గ్లాసు ఖాళీ చేశాక కడుపు పట్టుకుని బాత్‌రూమ్‌కి పోతాడు, నువ్వు అక్కడే ఉంటావు. మిగతాది చెప్పక్కర్లేదు. తర్వాత అదే మనిషిని వేరే పది రకాలుగా చంపాను. కానీ ఆ మొదటిది నేను కనిపెట్టుకున్నది, అందుకే రుచి ఎక్కువ.

అందుకే సెట్టింగ్స్‌లో 'మిషన్ స్టోరీస్' అని ఉండే గైడ్‌ని మొదటి రెండు ఊళ్లలో ఉంచుకుని, సపియెంజా అయ్యాక ఆపెయ్. అది ఉంటే ఇక్కడికి రా, ఇది తీసుకో, అది వెయ్యి అంటూ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. నువ్వు చేసేది డెలివరీ బాయ్ పని అవుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఎవరైనా చూడగానే వెంటనే పాత సేవ్‌కి వెళ్లిపోయే రీలోడ్ కొట్టకు. పారిపో, మూల తిరుగు, ఇంకో వేషం వేసుకో. వాళ్లు కాసేపు వెతికి మళ్లీ పనిలో పడతారు. శవాన్ని పెట్టెలో దాచు, ఒక పెట్టెలో ఇద్దరు పడతారు. నాణెం విసిరితే కాపలావాడు అటు తిరుగుతాడు. ఈ మూడూ చేతికి అలవాటయ్యేదాకా రేటింగ్ గురించి ఆలోచించకు.

సపియెంజా ఈ మొత్తం సిరీస్‌లో నాకు ఇష్టమైన ఊరు. ఎండ, సముద్రం, ఐస్‌క్రీమ్ బండి, చర్చి, కొండ కింద వైరస్ తయారుచేసే ల్యాబ్. కాకపోతే ఊళ్లో ఇటలీవాళ్లంతా అమెరికా యాసలో మాట్లాడతారు, అది మొదట్లో పంటి కింద రాయిలా ఉంటుంది. కొలరాడో నాకు నచ్చదు, అడుగడుగునా తుపాకులే, నలుగురు టార్గెట్లు, ఊపిరాడదు. హొక్కైడో ఆస్పత్రిలో ఏ తలుపు తెరవాలన్నా బట్టలే తాళంచెవి, డాక్టరుకి తెరుచుకునేది రోగికి తెరుచుకోదు. అది చూసి మన ఆస్పత్రుల బిల్లింగ్ కౌంటర్లు గుర్తొచ్చాయి, అది వేరే సంగతి.

2017లో యజమాని కంపెనీ స్క్వేర్ ఎనిక్స్ వదిలించుకుంటే ఐఓ ఇంటరాక్టివ్ సొంత కాళ్ల మీద నిలబడింది. 2018లో 'హిట్‌మ్యాన్ 2' వచ్చింది, 2002 నాటి దానికీ ఇదే అంకె ఉంది గానీ ఇది వేరే ఆట. కథ చెప్పే సీన్లు కదలని బొమ్మలతో సరిపెట్టారు, డబ్బులు లేవని తెలిసిపోతుంది. ఊళ్లు మాత్రం పెద్దవయ్యాయి. మనవాళ్లకి ఆసక్తి ముంబై మీద ఉంటుంది. ముగ్గురు టార్గెట్లు, అందులో ఒకడు సినిమా నిర్మాత, మరొకడి మొహం ఎలా ఉంటుందో నీకు ముందు తెలియదు, జనంలోంచి నువ్వే కనిపెట్టాలి. ఇంకో కిరాయి హంతకుడు కూడా తుపాకి పట్టుకుని అవకాశం కోసం కూర్చుని ఉంటాడు. అతనికి దారి చేసిపెట్టి, మన చేతికి మట్టి అంటకుండా రావచ్చు. గుంపులో కలిసిపోతే ఎవరికీ కనిపించకపోవడం అనేది ఈ ఆటలో బాగా పండింది, సాయంత్రం మెజెస్టిక్ బస్టాండులో తిరిగినవాడికి దాని సుఖం కొత్తగా నేర్పక్కర్లేదు.

'హిట్‌మ్యాన్ 3' జనవరి 2021లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో ఒక పెద్దావిడని చంపాలి. ఆ ఇంట్లో అప్పటికే ఇంకో హత్య జరిగింది, దాన్ని తేల్చడానికి డిటెక్టివ్ వస్తున్నాడు. అతని కోటు వేసుకుని నువ్వే విచారణ చేసి, హంతకుడు ఎవరో తేల్చి, ఆ తర్వాత నీకు అప్పగించిన హత్య నువ్వు చేసుకోవచ్చు. బెర్లిన్ ఇంకా గొప్పది. నైట్‌క్లబ్‌లో నిన్ను వెతుకుతున్న ఏజెంట్లున్నారు, వాళ్లెవరో ఎవరూ చెప్పరు. అన్నేళ్లుగా చెవిలో మాట్లాడుతున్న డయానా గొంతు కూడా లేదు. ఎవరి చూపు తేడాగా ఉందో చూసి పట్టుకోవాలి. నీ పాత అలవాట్లే నీ మీద తిప్పికొట్టినట్టుంటుంది. చివరి రైలు మిషన్ మాత్రం 'అబ్సల్యూషన్' రోజుల్లోకి తీసుకెళ్లింది, ఒకటే గీత మీద నడక.

జనవరి 2023లో మూడింటినీ కలిపినప్పుడు 'ఫ్రీలాన్సర్' అని ఒక కొత్త పద్ధతి ఇచ్చారు. తెలిసిన ఊళ్లలోనే తెలియని టార్గెట్లు, మధ్యలో సేవ్ లేదు, చస్తే వెంట తీసుకెళ్లిన సామాన్లు పోతాయి. చివర్లో కొందరు అనుమానితుల్లో అసలు నాయకుడు ఎవరో కళ్లజోడు, చెవిపోగు, సిగరెట్ అలవాటు చూసి తేల్చాలి. నేను ఇప్పటికీ వారానికి రెండు రాత్రులు ఆడేది ఇదే. నువ్వు మాత్రం అన్ని ఊళ్లూ నేర్చుకునేదాకా దీని జోలికి పోకు, మళ్లీ ఐదు నిమిషాలకోసారి చస్తావు.

'ఎల్యూసివ్ టార్గెట్' అని కొన్ని ప్రత్యేక మిషన్లు ఉంటాయి. అప్పట్లో ఒక్కసారే అవకాశం, తప్పితే పోయినట్టే. మ్యాప్‌లో గుర్తు కూడా ఉండదు. ఆఫీసు కాల్ ఒక చెవిలో వింటూ ఆడి, నేను టార్గెట్‌కి బదులు అలాంటి కోటే వేసుకున్న పెద్దమనిషిని చంపాను. కాల్‌లో "అయ్యో" అనేశాను, మేనేజరు తన స్లయిడ్ గురించి అనుకుని పది నిమిషాలు వివరణ ఇచ్చాడు. 2022 నుంచి వీటిలో చాలా మళ్లీ ఆడుకునే వీలు ఇచ్చారు, కాబట్టి నీకు ఆ బాధ తక్కువ.

ఒక చిక్కు చెప్పాలి, ముఖ్యంగా పీజీ వైఫైలో ఉండేవాడికి. కొత్త మూడు ఆటలకీ ఇంటర్నెట్ ఉండాలి. ఆఫ్‌లైన్‌లో మిషన్లు తెరుచుకుంటాయి గానీ, కొత్త సామాన్లు రావు, లెవెళ్లు పెరగవు, ఆన్‌లైన్‌లో చేసిన సేవ్ ఆఫ్‌లైన్‌లో పనికిరాదు. ఒక్కడే ఆడుకునే ఆటకి ఇదేం ఖర్మ అని అందరూ మొత్తుకున్నారు. 2021లో 2016 ఆటని ఆఫ్‌లైన్ ఆటలకి పేరుపడ్డ జీఓజీ స్టోర్‌లో పెడితే జనం ఎంత గొడవ చేశారంటే, అక్కడ అమ్మకం ఆపేశారు. నీ వైఫై రాత్రి పదింటికి పడుకుంటుందని రాశావు కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకో. మొదటి డౌన్‌లోడ్ మాత్రం దాంతో చెయ్యకు, ఆఫీసు లేని రోజు పొద్దున్నే వైఫైలో పెట్టి వదిలెయ్. డ్రైవ్‌లో ఓ 100 జీబీ ఖాళీ ఉంచుకో.

కథ అర్థం కావాలంటే పాతవి ఆడాలా అన్నావు. అక్కర్లేదు. ఐదుగురు నేరగాళ్ల డీఎన్ఏ కలిపి ఒక డాక్టరు తయారుచేసిన మనిషి 47, అతనికి పనులిచ్చే ఏజెన్సీ ఐసీఏ, చెవిలో మాట్లాడేది డయానా. ఈ మూడు తెలిస్తే 2016 నుంచి కథ దానంతట అదే తెలుస్తుంది. కంట్రోలర్ కొనాలా అనీ అడిగావు. నాణెం సరిగ్గా విసరడానికి మౌసే మేలు. ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కో. పక్క గదిలో ఇద్దరు వంటవాళ్లు గుసగుసలాడుకునే మాటల్లోనే సగం దారులు దొరుకుతాయి, ల్యాప్‌టాప్ స్పీకర్లలో అవి వినపడవు.